చిన్న పట్టణానికి షూటింగులు రావాలంటే: ఆహ్వానం నుంచి ప్యాకప్ తర్వాత దాకా

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే చిన్న ఊరు ఉంది. 1949లో అక్కడ జార్జ్ వైట్ అనే పశువుల పెంపకందారు ముందుండి సినిమావాళ్ల కోసం ఒక కమిటీ ఏర్పాటు చేశాడు. దర్శకుడు జాన్ ఫోర్డ్ తన యూనిట్‌తో అక్కడికి వచ్చిన కాలం అది. ఆ కమిటీయే ఇప్పటి మోయాబ్ ఫిల్మ్ కమిషన్, అంటే షూటింగులను రప్పించి వాటికి సాయపడే సంస్థ. ఆగకుండా నడుస్తున్న ఫిల్మ్ కమిషన్లలో ప్రపంచంలోనే పాతదని దానికి పేరు. ఎర్రటి కొండలు, లోయలు ఆ చుట్టుపక్కల ఇంకా చాలా ఊళ్లకు ఉన్నాయి. అడిగితే జవాబు చెప్పడానికి ఊరి తరఫున ఒక మనిషి ఉండటం మాత్రం ఆ రోజుల్లో అరుదు.

ఇది ఊరివాళ్ల కోసం రాస్తున్న మార్గదర్శి. పట్టణ పాలక మండలి సభ్యులు, వ్యాపారుల సంఘాలు, తమ ఇంటినో దుకాణాన్నో షూటింగుకు ఇవ్వాలనుకునేవాళ్లు దీన్ని దగ్గర పెట్టుకోవచ్చు. షూటింగ్ వల్ల ఊరికి మేలు జరుగుతుందా, తలనొప్పి మిగులుతుందా అన్నది వచ్చిన యూనిట్ మంచిదా కాదా అనేదాని మీద కొంతే ఆధారపడి ఉంటుంది. వాళ్లు రాకముందే ఊరు ఏం తేల్చుకుంది, ఏం కాగితం మీద పెట్టింది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ నమ్మకంతో రాసిందే.

మొదటి అడుగు: ఊరికి ఇది కావాలా?

ఈ ప్రశ్నను దాటేసే ఊళ్లే ఎక్కువ. కెమెరా వస్తోందంటే అందరికీ ఉత్సాహమే అనుకుంటారు. ఇంగ్లండ్‌లోని కాజిల్ కూంబ్ అనే అందమైన పల్లెలో 1966లో జరిగింది చూడండి. 'డాక్టర్ డూలిటిల్' సినిమా కోసం అక్కడి వాగుకు అడ్డుకట్ట వేశారు. ఊరి రూపు మారిపోతోందని కొందరికి ఒళ్లు మండింది. ఆ కట్టను పేల్చేయాలని పథకం వేసినవాళ్లలో ఒకరు రనల్ఫ్ ఫైన్స్. తర్వాతి కాలంలో ధ్రువ యాత్రికుడిగా పేరు పొందిన ఆయన అప్పుడు సైన్యంలో యువ అధికారి. పథకం బయటపడింది, జరిమానా పడింది, సైన్యంలోని ప్రత్యేక దళం నుంచి ఆయనను తీసేశారు. ఒక సినిమా సెట్ కోసం మాట అంత దూరం వెళ్లిందంటే, ముందుగా ఊరితో మాట్లాడటం ఎంత అవసరమో తెలుస్తుంది.

ఒక బహిరంగ సమావేశం పెట్టండి. అందులో అడగాల్సింది "సినిమా అంటే ఇష్టమేనా" అని కాదు. నష్టం ఎవరికి, లాభం ఎవరికి అని అడగండి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు డబ్బు వస్తుంది, ఆ ఎదురుగా వీధి మూసేసినందుకు మూడు రోజులు బేరాలు పోయిన దుకాణదారుకు ఏమీ రాదు. రాత్రి షూటింగ్ అయితే లైట్ల వెలుగు పడే కిటికీలు వేరేవాళ్లవి. ఈ లెక్క మొదట్లోనే బయటికి వస్తే, దుకాణాల నష్టానికి పరిహారం ఎలా ఇప్పించాలో ఆలోచించుకోవడానికి టైం ఉంటుంది. షూటింగ్ మధ్యలో బయటపడితే గొడవే.

ఎక్కడ షూటింగ్ వద్దో కూడా ఆ సమావేశంలోనే తేల్చండి. శ్మశానం, ప్రార్థనా స్థలాలు, బడి గంటల్లో బడి వీధి, ఆసుపత్రి దారి. ఈ జాబితా చిన్నగా ఉండాలి, మినహాయింపులు లేకుండా ఉండాలి.

రెండో అడుగు: మీ ఊరిని లొకేషన్ మేనేజర్ కళ్లతో చూడండి

ఊరివాళ్లు గొప్పగా చూపించేవి, సినిమావాళ్లకు కావలసినవి చాలాసార్లు వేరు. 1993లో వచ్చిన 'గ్రౌండ్‌హాగ్ డే' కథ పెన్సిల్వేనియాలోని పంక్సటానీ అనే నిజమైన ఊరిలో జరుగుతుంది. తీసింది మాత్రం ఇల్లినాయ్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో. చుట్టూ పాత భవనాలు, మధ్యలో పార్కు ఉన్న చక్కని కూడలి వుడ్‌స్టాక్‌కు ఉంది. కథలో సగం ఆ కూడలిలోనే నడుస్తుంది. 'ది గాడ్‌ఫాదర్'లో సిసిలీ సన్నివేశాలకూ ఇలాంటి కథే ఉంది. కోర్లియోనే అనే అసలు పట్టణం అప్పటికే బాగా ఆధునికంగా మారిపోవడంతో సవోకా, ఫోర్జా దగ్రో అనే కొండమీది ఊళ్లలో తీశారు. అంటే, మీ ఊరి పేరు కథలో లేకపోయినా పర్వాలేదు. కథకు కావలసిన రూపం మీ దగ్గర ఉంటే చాలు.

ఆ రూపాన్ని పాడుచేసేవి ఏమిటో కూడా చూడండి. ఇంగ్లండ్‌లోని లాకాక్ గ్రామం చాలా భాగం నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ చేతిలో ఉంది. అక్కడ వీధుల్లో తలమీద కరెంటు తీగలు, ఇళ్లపై యాంటెనాలు కనిపించవు. అందుకే పాత కాలం కథల సీరియళ్లు, సినిమాలు అక్కడికి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మీ ఊరు అంత చేయనక్కర్లేదు. ఒక్క వీధిలో తీగల్ని పక్కకు మళ్లించగలరా, ప్లాస్టిక్ బోర్డుల్ని షూటింగ్ రోజుకు దించగలరా, వీధి దీపాల్ని ఆర్పే అధికారం ఎవరిది అని తెలుసుకుని ఉంచుకోండి.

అందం తర్వాత లొకేషన్ మేనేజర్, అంటే యూనిట్ తరఫున షూటింగ్ చోట్లు వెతికే మనిషి, చూసేవి బోలెడు ఉంటాయి. పెద్ద లారీలు ఊళ్లోకి వచ్చే దారి, వాటిని నిలిపే ఖాళీ స్థలం, వందమందికి పైగా పడుకోవడానికి గదులు, దగ్గర్లోని పెద్ద నగరానికి ప్రయాణ సమయం, సెల్ సిగ్నల్. శబ్దం మరీ ముఖ్యం. విమానాల దారి కింద ఉన్న ఊరు, రంపపు మిల్లు పక్కనున్న వీధి ఎంత బాగున్నా మాటల సన్నివేశానికి పనికిరావు. రైలు ఏ ఏ వేళల్లో వెళ్తుందో రాసి ఇస్తే మాత్రం వాళ్లు దానికి తగ్గట్టు పని సర్దుకుంటారు. ఇబ్బందిని దాచకుండా ముందే చెప్పే ఊరి మీద నమ్మకం కుదురుతుంది.

మామూలు చోట్లను తక్కువ అంచనా వేయకండి. మూతపడిన బడి, వాడని జైలు, ఖాళీ ఆసుపత్రి వార్డు, పాత పెట్రోలు బంకు ఇవన్నీ విలువైనవే. నడుస్తున్న ఆసుపత్రిలో షూటింగ్ చేయడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఖాళీ వార్డు అంటే వెంటనే వచ్చి చూస్తారు.

మూడో అడుగు: ఫొటోలు

1938లో హ్యారీ గోల్డింగ్ అనే వ్యాపారి మాన్యుమెంట్ వ్యాలీ ఫొటోలు పట్టుకుని హాలీవుడ్ వెళ్లి జాన్ ఫోర్డ్ బృందానికి చూపించాడు. మరుసటి ఏడాది విడుదలైన 'స్టేజ్‌కోచ్' ఆ లోయను ప్రపంచానికి పరిచయం చేసింది. ఆనాడైనా ఈనాడైనా లొకేషన్ల వేట ఫొటోలతోనే మొదలవుతుంది. కాకపోతే ఇప్పుడు మోసుకెళ్లే పని లేదు, ఆన్‌లైన్‌లో పెడితే చాలు.

పర్యాటక ప్రచారానికి తీసే ఫొటోలు ఇక్కడ పనికిరావు. సూర్యాస్తమయం, పండుగ అలంకరణ, రంగులు పెంచే ఫిల్టర్లు ఏవీ వద్దు. మనిషి కంటి ఎత్తులో నిలబడి, వెడల్పుగా, నాలుగు దిక్కులూ తిరిగి తీయండి. ఒక వీధి అయితే ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి. ఇంటి లోపలైతే ప్రతి గదికీ ఎదురెదురు మూలల నుంచి రెండు. కెమెరా, లైట్లు, ఇరవైమంది మనుషులు ఆ గదిలో పడతారా అన్నది చూసేవాళ్ల మొదటి సందేహం కాబట్టి గది పొడవు, వెడల్పు, పైకప్పు ఎత్తు రాయండి. కిటికీలు ఏ దిక్కుకు ఉన్నాయో చెప్పండి, దాన్నిబట్టే ఎండ ఎప్పుడు లోపలికి వస్తుందో వాళ్లకు తెలుస్తుంది. ఆకులు రాలే ప్రాంతమైతే చెట్ల కింది వీధిని రెండు కాలాల్లోనూ తీసి పెట్టండి.

ప్రైవేటు ఇళ్ల ఫొటోలు పెట్టేముందు యజమాని రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఇంటి నంబరు, ఫోను నంబరు బహిరంగంగా పెట్టకూడదు. ఆసక్తి ఉన్న యూనిట్ ముందు ఊరి ప్రతినిధిని అడగాలి, ఆయన యజమానిని అడగాలి.

నాలుగో అడుగు: ఒకే మనిషి, ఒకే ఫోను

పోలీసు అనుమతికి ఒకరిని, రోడ్డుకు ఒకరిని, పార్కుకు ఇంకొకరిని కలవమంటే యూనిట్ పక్క ఊరికి వెళ్లిపోతుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 'కెమెరా రెడీ' అనే కార్యక్రమం కింద కౌంటీకో (మన జిల్లా లాంటిది) అనుసంధానకర్తను పెట్టింది. ఆ రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీ యూనిట్లను రప్పించిన మాట నిజమే. కానీ రాయితీ రాష్ట్రమంతటికీ ఒకటే. ఒక ఊరిని కాదని ఇంకో ఊరిని ఎంచుకోవడంలో ఇలాంటి మనిషి పాత్ర పెద్దది. అక్కడి కోవింగ్టన్ పట్టణంలో 1970ల చివరి నుంచి టీవీ సీరియళ్లు వస్తూనే ఉన్నాయి. 2009 నుంచి 2017 వరకు నడిచిన 'ది వాంపైర్ డైరీస్'లో మిస్టిక్ ఫాల్స్ అనే కల్పిత ఊరుగా కనిపించింది ఆ పట్టణమే.

ఈ ప్రతినిధికి జీతం ఎంత అన్నది తర్వాతి మాట, అధికారం ఉందా లేదా అన్నది ముందు చూడండి. పోలీసు, అగ్నిమాపక, రోడ్ల శాఖలవాళ్లు ఆయన ఫోను ఎత్తాలి. యూనిట్ అడిగినదానికి ఒక్క రోజులో అవుననో కాదనో చెప్పగలగాలి. ఇంకో షరతు నేను గట్టిగా చెబుతాను: ఊళ్లో హోటల్ ఉన్న మనిషిని, షూటింగులకు ఇచ్చే పెద్ద ఇల్లున్న మనిషిని ఈ పనిలో పెట్టకండి. వాళ్లు ఎంత నిజాయితీపరులైనా, ప్రతి యూనిట్ వాళ్ల గుమ్మం ముందే ఆగుతోందని ఊరు అనుకోవడం మొదలవుతుంది.

ఐదో అడుగు: అనుమతి దరఖాస్తు, రుసుములు

దరఖాస్తు రెండు పేజీలు దాటకూడదు. తేదీలు, వేళలు, మనుషుల సంఖ్య, వాహనాల సంఖ్య, ఊళ్లో తీసే సన్నివేశాల క్లుప్త వివరణ అడగండి. పూర్తి స్క్రిప్టు ఎవరూ ఇవ్వరు, అడగనూ కూడదు. కానీ తుపాకులు, మంట, పొగ, పేలుళ్లు, స్టంట్లు, జంతువులు, డ్రోన్లు, చిన్నపిల్లలు ఉన్నారా అన్నదానికి విడివిడిగా జవాబు రాయించుకోవాలి. వీటిలో ఏది ఉన్నా అదనపు పరిశీలన, అదనపు సమయం.

రుసుముల పట్టిక ముందే ప్రకటించండి. యూనిట్‌ను బట్టి రేటు చెప్పే ఊరి పేరు ఈ రంగంలో త్వరగా పాడవుతుంది. అనుమతి రుసుము వేరు, ఊరికి అయ్యే ఖర్చు వేరు. పోలీసుల అదనపు గంటలు, చెత్త తీసే సిబ్బంది, పార్కింగ్ ఆదాయం నష్టం ఇవన్నీ బిల్లు ప్రకారం రాబట్టాలి. విద్యార్థులకు, ముగ్గురు నలుగురితో వచ్చే డాక్యుమెంటరీవాళ్లకు రుసుము నామమాత్రంగా ఉంచితే మంచిది. వాళ్లలో కొందరు తర్వాత పెద్ద యూనిట్‌తో తిరిగి వస్తారు.

క్యాలెండర్ ఒకటి నడపండి. టెక్సస్‌లోని మార్ఫా దగ్గర 2006లో రెండు పెద్ద సినిమాలు ఒకే సమయంలో షూటింగ్ జరుపుకున్నాయి. 'దేర్ విల్ బి బ్లడ్' వాళ్లు చమురు బావి మంటను పరీక్షిస్తే లేచిన పొగ 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్' వాళ్ల ఫ్రేములోకి వచ్చి, ఆ రోజుకు వాళ్ల పని ఆగిపోయింది. పక్క గడ్డి మైదానంలో ఏం జరుగుతోందో తెలిసిన మనిషి ఊరికి అవసరం.

ఆరో అడుగు: ఒప్పందం

ఇక్కడ కాస్త నిలబడి చదవండి. చిన్న ఊళ్లు ఎక్కువగా నష్టపోయేది ఈ కాగితం దగ్గరే. లొకేషన్ మేనేజర్ స్నేహంగా ఉంటాడు, అడిగినదానికల్లా సరే అంటాడు. అతను మంచివాడే కావచ్చు. కానీ ఆరు వారాల తర్వాత అతను వేరే సినిమాలో ఉంటాడు. ఈ సినిమా కోసం పెట్టిన కంపెనీ కూడా పని అయిపోగానే మూతపడవచ్చు. మాట ఇచ్చిన మనిషి వెళ్లిపోయాక మీకు మిగిలేది సంతకం ఉన్న కాగితం ఒక్కటే.

రోజుల లెక్కతో మొదలుపెట్టండి. షూటింగ్ రెండు రోజులే అంటారు. కానీ అంతకుముందు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వచ్చి రంగులు మార్చడానికి, సామాన్లు సర్దడానికి నాలుగు రోజులు, తర్వాత విప్పి సర్దడానికి రెండు రోజులు పట్టవచ్చు. మధ్యలో ఏ పనీ లేకుండా సెట్ అలాగే నిలిపి ఉంచే రోజులూ ఉంటాయి. ఈ నాలుగు రకాల రోజులకూ విడివిడిగా అద్దె రాయాలి. రోజు అంటే ఎన్ని గంటలో, దాటితే గంటకు ఎంతో కూడా రాయాలి. వాన పడి వాయిదా పడితే ఏమవుతుంది? తర్వాత ప్యాచ్ వర్క్ కోసం మళ్లీ వస్తామంటే అదే రేటా? ఈ రెండు ప్రశ్నలూ దాదాపు ప్రతి సినిమాలో ఎదురవుతాయి.

బీమా పత్రం చూడకుండా తాళం ఇవ్వకండి. ఆ బీమాలో యజమాని పేరు, ఊరి పాలక సంస్థ పేరు కూడా చేర్చమని అడగాలి. అలా చేర్చడం మామూలే, యూనిట్లకు అలవాటే. దాంతోపాటు కొంత మొత్తం ధరావతు తీసుకోండి. చిన్న గీతలు, పగిలిన పెంకు లాంటివాటికి బీమా కంపెనీ చుట్టూ తిరగడం కన్నా ధరావతులోంచి తీసుకోవడం తేలిక.

ఏ గదులు, ఏ వీధి భాగం, ఏ చెట్ల వరకు అని పటంతో సహా రాయండి. "ఇల్లు" అని రాస్తే మేడమీది మీ పడకగది కూడా అందులోకి వస్తుంది. మార్చేవి ఏమిటి, తిరిగి ఎలా ఇవ్వాలి అన్నది స్పష్టంగా ఉండాలి. వాళ్లు వేసిన రంగు బాగుంటే ఉంచుకుంటానని తర్వాత చెప్పవచ్చు, కానీ తొలి నియమం పూర్వస్థితికి తేవడమే. మొదటి సామాను లోపలికి రాకముందు తేదీతో వీడియో తీసి రెండు పక్షాలూ సంతకం చేయాలి.

సెట్లు కట్టి వదిలేసే విషయం కూడా ఇప్పుడే తేల్చండి. మార్ఫా దగ్గర 1955లో 'జెయింట్' సినిమా కోసం ఒక పెద్ద భవంతి ముఖభాగం నిలబెట్టారు. షూటింగ్ తర్వాత అది అక్కడే ఉండిపోయి, ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ కూలి చివరికి గుంజలు మాత్రం మిగిలాయి. న్యూజిలాండ్‌లో మాటమాటా దగ్గరి గొర్రెల పొలంలో కథ వేరేలా నడిచింది. అక్కడ 1999లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కోసం కట్టిన హాబిటన్ అనే కల్పిత పల్లె సెట్ ప్లైవుడ్, పాలిస్టైరీన్ లాంటి తాత్కాలిక వస్తువులతో కట్టింది. చాలా భాగం విప్పేశారు, మిగిలినదాన్ని చూడటానికే 2002 నుంచి జనం రావడం మొదలైంది. తర్వాత 'ది హాబిట్' సినిమాల కోసం మళ్లీ కట్టినప్పుడు శాశ్వతంగా నిలిచే వస్తువులతో కట్టారు. సందర్శకులు చూస్తున్నది ఆ రెండో హాబిటన్‌నే. సెట్‌ను ఉంచాలనుకుంటే దాని భద్రత ఎవరిది, మరమ్మతు ఎవరిది, దాన్ని చూపించి డబ్బు తీసుకునే హక్కు ఎవరిది అన్న మూడూ రాసుకోవాలి. ఉంచకూడదనుకుంటే తీసేసే తేదీ రాసుకోవాలి.

చివరగా పేర్లు, బొమ్మల హక్కులు. మీ భవనాన్ని తెర మీద చూపించే హక్కు వాళ్లకు శాశ్వతంగా వెళ్లిపోతుంది, అది మామూలే. కానీ సినిమా పేరు, పాత్రల బొమ్మలు వాళ్ల సొత్తు. వాటిని టీషర్టు మీద వేసి అమ్మితే మీకు నోటీసు వస్తుంది. అందుకే "ఇక్కడ ఫలానా సినిమా తీశారు" అని బోర్డు పెట్టుకోవడానికి, కొన్ని స్టిల్స్‌ను పర్యాటక కరపత్రంలో వాడుకోవడానికి, టైటిల్స్‌లో ఊరికి కృతజ్ఞత చెప్పడానికి ఒప్పందంలోనే అనుమతి అడగండి. షూటింగుకు ముందు ఇది అడిగితే దొరుకుతుంది. సినిమా హిట్ అయ్యాక అడిగితే లాయర్లతో మాట్లాడాల్సి వస్తుంది.

పెద్ద మొత్తమైతే మీరూ ఒక లాయరుకు చూపించండి. ఆ ఖర్చును యూనిట్‌నే భరించమని అడగడంలో తప్పేమీ లేదు.

ఏడో అడుగు: షూటింగ్ రోజులు

వారం ముందు ఆ వీధిలోని ప్రతి గుమ్మానికీ కాగితం అందాలి. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, ఎక్కడ వాహనాలు పెట్టకూడదు, తుపాకీ చప్పుళ్లు ఉంటాయా, రాత్రి లైట్లు ఎంతసేపు, ఫిర్యాదుకు ఏ నంబరు. ఆ నంబరు పగలూ రాత్రీ ఎవరో ఒకరు ఎత్తేదై ఉండాలి. పొగ, పేలుడు ఉన్న రోజున అగ్నిమాపక కేంద్రానికి, పోలీసు స్టేషనుకు విడిగా చెప్పాలి. తుపాకీ పట్టుకుని పరుగెత్తే నటుణ్ని చూసి ఎవరో నిజంగానే పోలీసులకు ఫోన్ చేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రోడ్డును పూర్తిగా మూసే బదులు, షాట్ నడిచే రెండు మూడు నిమిషాలు ఆపి మళ్లీ వదలడం చాలా సన్నివేశాలకు సరిపోతుంది. యూనిట్ సౌకర్యం కోసం పూర్తి మూత అడుగుతుంది, మీరు ఈ పద్ధతిని ముందు ప్రతిపాదించండి. అంబులెన్సుకు దారి ఏ షాట్ మధ్యలోనైనా తెరుచుకోవాలి. జనరేటర్లను, క్యారవాన్లను, భోజనాల టెంట్లను ఇళ్లకు దూరంగా పెట్టించండి. నిద్ర చెడితే మనుషులు డైలాగులు మరిచిపోతారేమో గానీ జనరేటర్ హోరును మరిచిపోరు.

సుదీర్ఘంగా సాగే సీరియల్ అయితే సంగతి వేరు. జార్జియాలోని సెనోయాలో 'ది వాకింగ్ డెడ్' కోసం నిజమైన నివాస వీధి చుట్టూ గోడ కట్టారు. లోపల కొందరు నిజంగా కాపురం ఉంటూనే ఉన్నారు. సంవత్సరాల తరబడి సాగే ఇలాంటి చోట ఒక్కసారి ఇచ్చే పరిహారం సరిపోదు. నెలనెలా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి.

ఊరికి డబ్బు నిలిచేది పనుల రూపంలో. వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, కుట్టుపనివాళ్లు, డ్రైవర్లు, కాపలావాళ్లు, వంటవాళ్లు ఎవరెవరున్నారో పేర్ల జాబితా చేసి మొదటి సమావేశంలోనే చేతికి ఇవ్వండి. మొరాకోలోని వార్జాజాత్ దీనికి మంచి ఉదాహరణ. 1983లో అక్కడ అట్లాస్ స్టూడియోస్ వెలిసింది. పక్కనే ఉన్న ఐత్ బెన్ హద్దూ మట్టి కోట 1987లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఎడారి కథలు తీసే యూనిట్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి అక్కడ సెట్లు కట్టే చేతులు, జూనియర్ ఆర్టిస్టులుగా చేసేవాళ్లు తయారయ్యారు. ఒక్క సినిమాతో అది జరగదు, పని నేర్చుకున్నవాళ్లు ఊళ్లో ఉంటే రెండో సినిమా తేలికవుతుంది.

జూనియర్ ఆర్టిస్టులుగా వెళ్లేవాళ్లకు ఒక మాట. పని అంటే ఎక్కువగా ఎదురుచూడటమే. గంటలు, కూలి, భోజనం, ఇంటికి చేర్చే వాహనం ముందే తెలుసుకోండి. కూలి ఊరి ప్రతినిధి చేతుల మీదుగా కాకుండా నేరుగా మీ చేతికి రావాలి. పిల్లల్ని పంపేటప్పుడు వెంట పెద్దవాళ్లు ఉండటానికి ఒప్పుకోని యూనిట్‌కు పంపకండి.

ఎనిమిదో అడుగు: ప్యాకప్ అయ్యాక

సామాను లారీ ఎక్కుతున్న రోజునే మొదటి వీడియో పట్టుకుని యూనిట్ మనిషితో కలిసి తిరగండి. మరకలు, మేకుల రంధ్రాలు, తొక్కిన పూలపాదులు, కాలువలో పడేసిన చెత్త రాసుకోండి. ధరావతు తిరిగి ఇచ్చేముందు రెండు వారాలు ఆగండి, కొన్ని నష్టాలు తర్వాత గాని కనిపించవు. పాలక మండలికి వచ్చిన డబ్బెంత, దేనికి ఖర్చు పెట్టారన్నది ఊరికి తెలియాలి. ఆ డబ్బుతో వీధి దీపాలో గ్రంథాలయ పుస్తకాలో కొంటే, తర్వాతి షూటింగుకు అడిగినప్పుడు జనం వేరుగా స్పందిస్తారు.

తొమ్మిదో అడుగు: అభిమానులు వచ్చినప్పుడు

యూనిట్ వెళ్లాక మొదలయ్యే ఈ భాగం షూటింగ్ కన్నా పొడవైనది. దీనికి సిద్ధపడని ఊళ్లే బాధపడతాయి. జార్జియాలోని జూలియెట్ అనే చిన్న ఊరిలో ఒక పాత దుకాణాన్ని 1991లో వచ్చిన 'ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్' కోసం కేఫ్‌గా మార్చారు. షూటింగ్ తర్వాత అది నిజమైన కేఫ్‌గా తెరుచుకుంది, ఊరికి ఊపిరి పోసింది. వుడ్‌స్టాక్‌లో కథానాయకుడు నీటి గుంటలో కాలు వేసిన చోట ఫలకం పెట్టారు, ఏటా ఉత్సవం చేస్తారు. ఒకటి వ్యాపార స్థలం, ఇంకొకటి బహిరంగ స్థలం. జనం ఎంతమంది వచ్చినా ఎవరి ఇంటి నిద్రా చెడదు.

ఆరెగాన్‌లోని ఆస్టోరియాలో ఇబ్బంది ఇక్కడే వచ్చింది. 1985లో వచ్చిన 'ది గూనీస్'లో కనిపించే ఇల్లు ఒక ప్రైవేటు ఇల్లు. ఏళ్ల తరబడి సందర్శకులను సహించిన యజమాని 2015లో ఇంటికి నీలం టార్పాలిన్లు కప్పి, నడిచి వచ్చే దారి మూసేయాల్సి వచ్చింది. అదే పట్టణం పాత కౌంటీ జైలును సినిమా మ్యూజియంగా మార్చింది, ఆ జైలు కూడా అదే సినిమాలో కనిపించేది. రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం చేయాలో తెలిసిపోతుంది. మీరు వేసే పటంలో ప్రైవేటు ఇళ్లు వద్దు. కూడలి, వంతెన, రైల్వే స్టేషను, మ్యూజియం ఉంచండి. ఫొటో దిగాలన్న కోరిక తీరే చోటు ఒకటి మీరే చూపిస్తే, చాలామంది అక్కడితో తృప్తి పడతారు.

సంఖ్య అదుపు తప్పితే నియంత్రణకు మొహమాటపడకండి. స్విట్జర్లాండ్‌లోని ఇసెల్ట్‌వాల్డ్ ఒక సరస్సు ఒడ్డున నాలుగైదు వందలమంది ఉండే పల్లె. ఒక కొరియన్ సీరియల్‌లో కనిపించిన చిన్న చెక్క పడవరేవు కోసం బస్సుల కొద్దీ జనం రావడంతో, 2023లో ఆ రేవు మీదికి వెళ్లడానికి గేటు పెట్టి 5 ఫ్రాంకులు వసూలు చేయడం మొదలుపెట్టారు. థాయ్‌లాండ్‌లోని మాయా బే 'ది బీచ్' సినిమాతో పేరు తెచ్చుకుని, జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూతపడింది. 2022లో పరిమితులతో తెరిచారు. మూడున్నరేళ్లు మూసే పరిస్థితి రాకముందే రోజుకు ఎంతమంది, బస్సులు ఎక్కడ ఆగాలి, మరుగుదొడ్లు ఎన్ని అని లెక్కేసుకోవడం మంచిది.

సినిమాకూ సీరియల్‌కూ ఇక్కడ తేడా ఉంది. 'లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్' అనే బ్రిటిష్ సీరియల్ 1973 నుంచి 2010 వరకు ఇంగ్లండ్‌లోని హోమ్‌ఫర్త్ పట్టణంలో సాగింది. 'డాక్ మార్టిన్' అనే ఇంకో సీరియల్ 2004 నుంచి 2022 వరకు అక్కడి పోర్ట్ ఐజక్ అనే ఊరిని పోర్ట్‌వెన్ అనే పేరుతో చూపించింది. ఏటా కొత్త ఎపిసోడ్లు వస్తుంటే జనమూ వస్తుంటారు. ఒక్క సినిమా తెచ్చే జనం కొన్నేళ్లలో పలచబడతారు. కాబట్టి ఒకే సినిమాను నమ్ముకుని అప్పు చేసి దుకాణం పెట్టేవాళ్లను వారించండి. ఉన్న దుకాణంలో ఒక మూల ఆ సినిమాకు ఇవ్వడం క్షేమం. ఇళ్లన్నీ పర్యాటకుల అద్దె గదులుగా మారిపోతున్నాయా అన్నది కూడా గమనిస్తూ ఉండాలి. ఊళ్లో బడికి వెళ్లే పిల్లలు తగ్గుతున్నారంటే అది మొదటి హెచ్చరిక.

పదో అడుగు: వీధికి విరామం

షూటింగులు బాగా వచ్చే ఊళ్లలో ఒక అందమైన వీధి మీదే అందరి కన్నూ పడుతుంది. ఆ వీధివాళ్లు మొదటి యూనిట్‌కు టీ ఇస్తారు, నాలుగో యూనిట్ మీద ఫిర్యాదు రాస్తారు. దీనికి నియమం ముందే పెట్టండి. ఒక వీధిలో పెద్ద షూటింగ్ జరిగితే, ఆ తర్వాత ఇన్ని నెలలు అక్కడ ఇంకోదానికి అనుమతి లేదని, ఏడాదికి ఇన్ని రాత్రులకు మించి రాత్రి షూటింగ్ లేదని రుసుముల పట్టిక పక్కనే అచ్చువేయండి. నెలలు ఎన్ని అన్నది ఆ వీధివాళ్లే చెప్పాలి. వచ్చిన యూనిట్‌కు ఆ వీధి ఖాళీ లేదని చెప్పేటప్పుడు ఊరి ప్రతినిధి దగ్గర మరో రెండు వీధుల ఫొటోలు సిద్ధంగా ఉండాలి.